నడిగడ్డలో తరఫు మనిషి

2018 ఆగస్టు 15న రైతుబీమా మొదలయ్యే ముందు వ్యవసాయ విస్తరణాధికారులు తెలంగాణలో ఊరూరా తిరిగారు. పట్టాదారు పాసుపుస్తకం ఉండి, 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న రైతును కూర్చోబెట్టి, తను చనిపోతే వచ్చే 5 లక్షల రూపాయలు ఎవరికి చెందాలో అడిగి, నామినీ పేరు రాసుకుని, సంతకమో నిశానీయో తీసుకున్నారు. అక్షరాస్యతలో బాగా వెనకబడిందని పేరుపడ్డ నడిగడ్డలోని గట్టు లాంటి మండలంలో కూడా చదువు రాదన్న కారణంతో ఆ పని ఆగలేదు. అదే రైతుకు డెబ్బై ఏళ్లొచ్చి, పక్షవాతంతో మాట పడిపోయి, కర్నూలు పెద్దాసుపత్రిలోనో రాయచూరు దవాఖానలోనో పడి ఉన్నప్పుడు ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా, వెంటిలేటర్ పెట్టించాలా, ఇంటికి తీసుకుపోవాలా అన్నది ఎవరు తేల్చాలో మాత్రం ఏ సర్కారూ అడిగి రాసుకోలేదు. పోయాక వచ్చే డబ్బుకు హక్కుదారుడున్నాడు గానీ, బతికుండగా ఒంటికి తరఫు మనిషి లేడు. ఇది ఎవరో మరిచిపోయిన చిన్న విషయం కాదని, దీని వెనక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉందని నా వాదన. ఆ ఖాళీని ఒక్కో కాలంలో ఒక్కో రకం బలమున్నవాళ్లు నింపుతూ వచ్చారు. మొదట ఇంటి పెద్దరికం, తర్వాత కలం పట్టగల చేయి, ఆ తర్వాత డబ్బు పంపే కొడుకు, ఇప్పుడు కార్డు. ముసలి మనిషి మనసెరిగినవాళ్ల వంతు వచ్చింది తక్కువ.

దవాఖానలు లేని కాలంలో ఈ ప్రశ్నే లేదు. వైద్యుడు ఇంటికి వచ్చేవాడు, మందు ఇంట్లోనే నూరేవాళ్లు. మనిషి తెలివి తప్పాక చేయగలిగింది చాలా తక్కువ. తేల్చవలసినవి తక్కువైనప్పుడు తేల్చేవాడి అవసరమూ తక్కువే. మత్తుమందు వచ్చాకే ఒక మనిషిని కావాలని మాట లేనివాడిని చేసి, ఆ తర్వాత అతని ఒంటి మీద పెద్ద పని చేయడం సాధ్యమైంది. ఆ చరిత్రలో మన రాజధానికి చిత్రమైన చోటుంది. క్లోరోఫాం ప్రాణం తీసేది గుండెను ఆపా, ఊపిరిని ఆపా అని తేల్చడానికి 1888లోనూ 1889లోనూ హైదరాబాద్‌లో రెండు కమిషన్లు కూర్చున్నాయి. వాటిని నడిపించింది రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఖర్చు భరించింది నిజాం సర్కారు. మత్తులోకి పోయిన మనిషి తరఫున ఎవరు మాట్లాడాలన్నది ఆ కమిషన్ల పని కాదు. ఇంకెవరి పనీ కాలేదు. ఆ రోజుల్లో చట్టం చూపంతా ఆస్తి మీదే. బ్రిటిష్ ఇండియాలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్ల కోసం వచ్చింది. 1912 నాటి లూనసీ చట్టం పిచ్చివాళ్లని ముద్రపడ్డవాళ్ల కోసం. నిజాం రాజ్యంలోనూ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ ఉండేది, తమ ఎస్టేటును తాము చూసుకోలేని వారసుల ఆస్తిని అది చూసేది. సంస్థానానికి సంరక్షకుడు దొరికే ఏర్పాటు ఉన్న చోటే, జ్వరంలో పలవరించే ముసలి రైతు ఒంటికి సంరక్షకుడు దొరికే ఏర్పాటు లేదు. ఇంట్లో పెద్దకొడుకో, అన్నదమ్ములో, పాలోళ్లో చెప్పిందే చెల్లేది. చట్టం దాని జోలికి రాలేదు.

జబ్బు మనిషి నడిగడ్డ దాటి వెళ్లవలసి రావడంతో లెక్క మారింది. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న ఈ నేల పాలన పటంలో చాలాసార్లు చేతులు మారింది. గద్వాల, అలంపురం తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లాలోవి. రాష్ట్రాల పునర్విభజనతో అవి మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చాయి, రాయచూరు పక్క రాష్ట్రానికి పోయింది. 1957లో కర్నూలులో మెడికల్ కాలేజీ వెలిసింది. 2014లో కర్నూలు కూడా పక్క రాష్ట్రమైంది. పటం మారినా రోగి దారి మారలేదు. గట్టు నుంచి రాయచూరు, అలంపురం నుంచి తుంగభద్ర దాటితే కర్నూలు, చేతిలో నాలుగు డబ్బులుంటే పట్నం. గద్వాల, రాయచూరుల మధ్య 2013లో రైలు కూడా నడిచింది. అటు వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు వాళ్లకు జడ్చర్ల దారి. 1899 తర్వాతి దశాబ్దాల్లో మెన్నొనైట్ బ్రెదరెన్ మిషన్ నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాలల్లో కేంద్రాలు పెట్టింది, తర్వాతి కాలంలో జడ్చర్లలో దవాఖాన నడిపింది. ఎటు పోయినా ఇంటి గడప దాటిన రోగి వెంట ఒక మనిషి ఉండక తప్పదు. వండిపెట్టడానికి, మందులు తేవడానికి, రక్తం కోసం తిరగడానికి ఆ మనిషి కావాలి. వార్డు తలుపు దగ్గర నర్సు వేసే మొదటి కేక ‘పేషెంట్ తాలూకు ఎవరు?’ అనే. వండిపెట్టడానికి వచ్చిన మనిషి చేతికే చివరకు ఒప్పుదల కాగితం కూడా వచ్చింది.

ఆ కాగితం మీద ఎవరు రాయాలో చెప్పిన నియమం చూస్తే చట్టం చూపు ఎటుందో తెలుస్తుంది. ఇప్పటికీ అమల్లో ఉన్న 2002 నాటి మెడికల్ కౌన్సిల్ ప్రవర్తనా నియమావళి ఆపరేషన్‌కు ముందు లిఖితపూర్వక అనుమతి తీసుకోమంటుంది. ఎవరి దగ్గర అని చెప్పే వరసలో భార్యాభర్తలు ముందొస్తారు, మైనరైతే తల్లిదండ్రులో సంరక్షకుడో తర్వాతొస్తారు, రోగి అందరికన్నా చివరొస్తాడు. వరసలో ఏముందిలే అనుకోవచ్చు. కానీ దవాఖానలో పని జరిగేది ఈ వరసలోనే. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని జిల్లాలకన్నా కింద. ముసలివాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో అది ఇంకా ఎంత తక్కువో ఊహించడం కష్టం కాదు. ఇంగ్లిషులో అచ్చయిన ఫారం ముందు, రోగితో నలభై ఏళ్లు కాపురం చేసిన ముసలమ్మ కన్నా పదో తరగతి దాకా చదివిన మేనల్లుడు పనికొచ్చే మనిషి అయ్యాడు. ఆమెకు మొగుడి సంగతి తెలుసు, ఇతనికి సంతకం తెలుసు. గెలిచింది సంతకమే. పెద్దరికం నుంచి కలానికి అధికారం మారిన తీరు ఇది. ఎవరూ కావాలని మార్చింది కాదు, కాగితం దాని పని అది చేసుకుపోయింది.

వలస ఆ కలాన్ని కూడా ఊరి నుంచి తీసుకుపోయింది. పాలమూరు (మహబూబ్‌నగర్) లేబర్ అంటే దేశమంతా ఎరిగిన మాట. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, పట్నాల్లో అపార్ట్‌మెంట్లు కట్టిన చేతులవి. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు, దాన్ని తీర్చడానికి మొగుడూ పెళ్లాం ఏడెనిమిది నెలలు ముంబయిలోనో పూణేలోనో బెంగళూరులోనో పని చేస్తారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, వాళ్లకు అప్పజెప్పిన మనవలు, నెలనెలా వచ్చే ఆసరా పింఛను. ఈ ఏర్పాటులో ఒక ముసలామె బావి గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరిగితే దవాఖానకు తెచ్చేది పక్కింటివాళ్లు. దారి చూపేది ఊరి ఆర్‌ఎంపీ. పక్కన కూర్చునేది పొరుగూరికి ఇచ్చిన బిడ్డ. తేల్చేది మాత్రం పూణే నుంచి ఫోన్లో పెద్దకొడుకు. అతను అడిగే మొదటి మాట ‘ఎంతైతది?’ ఆ ప్రశ్నను తప్పుపట్టడం తేలిక. దాని వెనక మేస్త్రీ దగ్గర మళ్లీ తీసుకోవలసిన అడ్వాన్సు ఉంది, దాన్ని తీర్చడానికి పోసే ఇంకో ఏడాది చెమట ఉంది. అంటే తల్లి తుంటి ఆపరేషన్ మీద చివరి మాట కొంతవరకు కొడుకుది, కొంతవరకు ఆమె మొహం కూడా చూడని గుంపు మేస్త్రీది. రాత్రంతా మంచం పక్కన కూర్చుని ఆమె ఏం గొణుగుతున్నదో విన్న బిడ్డ సంతకం పెట్టబోతే, ‘కొడుకు లేడా?’ అని అడగడం మన వార్డుల్లో కొత్తేమీ కాదు. తలకొరివి పెట్టేవాడికి ఉన్న పెద్దరికం దవాఖాన దాకా వెంట వచ్చింది.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. మూడూ కరువుకో వలసకో పేరున్న జిల్లాలు. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి ఖరీదైన శస్త్రచికిత్స ఉచితమైంది. 2023 డిసెంబరు నాటికి తెలంగాణలో పరిమితి 10 లక్షలకు పెరిగింది. ఈ పథకం మీద విమర్శలు ఎన్నో ఉన్నాయి, కార్పొరేట్ దవాఖానలకు ప్రజాధనం మళ్లిందన్నది అందులో గట్టిది. కానీ మన ప్రశ్నకు సంబంధించినంత వరకు అది చేసిన మేలు వేరు. డబ్బు పంపేవాడి మాటే ఆఖరు మాట కానవసరం లేని పరిస్థితిని మొదటిసారి తెచ్చింది అదే. 2005లో మొదలైన 108 బండి రోగిని తీసుకుపోయింది, కార్డు బిల్లు కట్టింది. ఆ ఖాళీ అయిన చోట మంచం పక్కనున్న బిడ్డో కోడలో ముసలి భార్యో కూర్చోవచ్చు. కూర్చోలేదు. పథకం తరఫున దవాఖానలో ఉండే ఆరోగ్యమిత్ర వచ్చాడు, ముందస్తు ఆమోదం ఇచ్చే ఆరోగ్యశ్రీ ట్రస్టు డాక్టరు వచ్చాడు. పథకం జాబితాలో ఉన్న చికిత్స చేయించాలి, లేనిది వదిలెయ్యాలి అన్న తర్కం వచ్చింది. ఎనభై ఏళ్ల మనిషి ‘నాకు కోతలొద్దు, ఇంటికాడ పోతా’ అని ముందే అని ఉంటే, ఆ మాటను రాసుకునే గడి ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

ఇంతకీ చట్టం దృష్టిలో ఈ కొడుకులు, మేనల్లుళ్ల సంతకాల విలువ ఎంత? చాలామంది అనుకునేదానికన్నా బాగా తక్కువ. 2008 జనవరి 16న సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. పరీక్ష కోసం మత్తిచ్చిన నలభై నాలుగేళ్ల స్త్రీకి, బయట కూర్చున్న తల్లిని అడిగి డాక్టరు గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, మత్తు దిగేదాకా ఆగితే రోగినే అడగవచ్చు కాబట్టి, కన్నతల్లి ఒప్పుదల అయినా చెల్లదని కోర్టు చెప్పింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1860 నాటి శిక్షాస్మృతి 92వ సెక్షనే సదుద్దేశంతో వైద్యం చేసిన డాక్టరును కాపాడింది, కొత్త న్యాయ సంహితలోనూ ఆ రక్షణ ఉంది. చిక్కంతా ఈ రెంటికీ నడుమ. తెలివి మళ్లీ వస్తుందో రాదో తెలియదు, ఈ గంటలోనే చేయాల్సిందీ కాదు, అయినా ఒకటి తేల్చాలి. ముసలివాళ్ల జబ్బుల్లో సగం ఇలాంటివే. అక్కడ ఎవరు మాట్లాడాలో చెప్పే సాధారణ చట్టం మనకు లేదు. 1994 అవయవ మార్పిడి చట్టం బ్రెయిన్‌డెడ్ అయిన మనిషి మూత్రపిండం దానం ఇవ్వాలా వద్దా అన్నది ఎవరు చెప్పాలో, దగ్గరి బంధువు అంటే ఎవరో విడమరిచింది. ప్రాణమున్న ఒంటికి ఆ మాత్రం స్పష్టత లేదు. కోమాలో ఉన్నవాళ్లకు సంరక్షకుడిని పెట్టే పద్ధతిని 2019లో కేరళ హైకోర్టు రాయవలసి వచ్చింది. గట్టు నుంచి హైకోర్టు ఎంత దూరమో చెప్పనక్కర్లేదు.

దీనికి మందు వచ్చేసిందిగా అని కొందరు 2018 మార్చి 9 నాటి కామన్ కాజ్ తీర్పును చూపిస్తారు. తనకు నయం కాని దశ వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే హక్కును ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గుర్తించింది. మేజిస్ట్రేటు సంతకం కావాలన్న మొదటి షరతు ఎవరూ దాటలేనిదిగా తేలాక, 2023 జనవరి 24న దాన్ని సడలించి ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలన్నారు. తన తరఫున మాట్లాడేవాళ్లు ఒకరికన్నా ఎక్కువమంది ఉండవచ్చన్నారు. మంచిదే. కానీ అది చావు అంచున చికిత్స ఆపడానికి సంబంధించిన కాగితం. తుంటి విరిగి, ఆ నొప్పికీ మందులకూ రెండు రోజులు మతి చలించిన అవ్వకు ఆపరేషన్ చేయాలా అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. విచిత్రమేమంటే జవాబు ఇంకో చట్టంలో ఉంది. 2018 మేలో అమల్లోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఏ మేజరైనా తెల్ల కాగితం మీద, సంతకంతోనో వేలిముద్రతోనో తన ప్రతినిధిని పెట్టుకోవచ్చు. పెట్టుకోకపోతే ముందు బంధువు, తర్వాత సంరక్షణ చూస్తున్న మనిషి, తర్వాత బోర్డు నియమించినవాళ్లు అని వరస ఉంది. రక్తసంబంధం లేకున్నా సేవ చేస్తున్న మనిషికి చట్టంలో చోటు దొరికింది. అదే మనిషికి మానసిక జబ్బు బదులు మెదడులో నరం చిట్లితే ఈ చోటు మాయమవుతుంది. ఈ తేడాకు హేతువు నాకు కనపడదు.

మన కుటుంబాల్లో అందరూ కలిసి తేల్చుకుంటారు, ఒక్కరి పేరు రాసిపెట్టడం పరాయి పద్ధతి అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. అందులో నిజముంది. చాలామంది ముసలివాళ్లు ‘మావోళ్లు ఎట్లంటే అట్ల’ అనే అంటారు, అదీ ఒక కోరికే, దాన్ని గౌరవించాలి. కానీ కలిసి తేల్చుకునే కుటుంబం ఒక్క చోట ఉండాలి కదా. గట్టులో సగం ఇల్లు పూణేలో ఉంది. పైగా దగ్గరివాళ్లకు మనసు తెలుసన్న నమ్మకానికీ హద్దుంది. తరఫున మాట్లాడేవాళ్లు రోగి కోరికను ఎంతవరకు సరిగ్గా ఊహించగలరని జరిగిన పరిశోధనలన్నిటినీ 2006లో ఒకచోట చేర్చి అమెరికాలో లెక్కేస్తే 68 శాతం తేలింది. అంటే ఆ ఊహల్లో దాదాపు మూడింట ఒకటి తప్పు. అక్కడి చాలా రాష్ట్రాలు భార్య లేదా భర్త, మేజరైన పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు అని వరస పెట్టిన చట్టాలు చేసుకున్నాయి. ఇంగ్లండ్ 2005 చట్టంతో ఆ దారి కాదని, మనిషి ముందే పేరు పెట్టుకోకపోతే అతని మేలు చూసి డాక్టర్లే తేల్చాలి, కుటుంబాన్ని సంప్రదించాలి అంది. రెండు దారులూ మనకు నేరుగా పనికిరావు. మొదటిది మళ్లీ కొడుకు పెద్దరికాన్నే చట్టం చేస్తుంది, రెండోదానికి ఒక్కో రోగితో అరగంట కూర్చోగల డాక్టర్లు కావాలి.

చదువు రానివాళ్లు ఇవన్నీ ఎలా రాస్తారన్నది మరో అభ్యంతరం. రాయనక్కర్లేదు. 1872 సాక్ష్యాధారాల చట్టం నాటి నుంచి మరణ వాంగ్మూలం నోటి మాటగా చెల్లుతున్నది. 1885లో అలహాబాద్ హైకోర్టు, మాట పడిపోయిన మనిషి చేసిన సైగ కూడా వాంగ్మూలమే అంది. తనను ఎవరు పొడిచారో చెప్పిన నోటిమాట ఇంకొకరిని ఉరికంబం ఎక్కించడానికి సరిపోతున్నప్పుడు, ‘నా సంగతి నా చిన్నబిడ్డ చూసుకుంటది’ అన్న మాట ఆపరేషన్ ఫారానికి సరిపోదనడం అన్యాయం. పేరు పెడితే అన్నదమ్ముల మధ్య గొడవలొస్తాయన్న భయం కూడా వినిపిస్తుంది. గొడవ పేరు లేనప్పుడూ ఉంది, ఇంకా ఎక్కువగానే ఉంది. దానికి కారణం ఆస్తి, అది మాత్రం మనం దాచుకునేది. పిల్లల్లేని వృద్ధులను పోషించవలసిన బంధువు అంటే ఎవరో 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం చెప్పినప్పుడు, ఆస్తి అనుభవిస్తున్నవాడో రేపు ఆస్తి దక్కేవాడో అంది. తిండి పెట్టమని అడగడానికి ఆ లెక్క సరే. ప్రాణం మీద మాట చెప్పడానికి అదే లెక్క వస్తే, పొలం ఎవరికి పోతుందో వాడే వెంటిలేటర్ గురించి తేలుస్తాడు. అందుకే వారసుడు వేరు, తరఫు మనిషి వేరు కాగల వెసులుబాటు ఉండాలి. అన్నదమ్ముల తగువు పెద్దమనుషుల ముందుకు వచ్చినా, ముసలామె నోటితో చెప్పిన పేరు అక్కడ గట్టి ఆధారం అవుతుంది.

ఇక మిగిలిన అభ్యంతరం నిజంగా కష్టమైనది. పేదవాళ్ల విషయంలో అసలు తరఫు మనిషి పేదరికమే, డబ్బు అయిపోయినప్పుడు ఇంటికి తీసుకుపోవడం నిర్ణయం కాదు, నిర్ణయం లేకపోవడం, దానికి కాగితాలు పెట్టి ఏం లాభం అంటారు. దీన్ని పూర్తిగా కాదనలేను. వైద్య సలహాకు వ్యతిరేకంగా వెళ్తున్నామని రాసిచ్చే సంతకాల్లో చాలావాటి వెనక ఉన్నది అభిమతం కాదు, అప్పు. అయితే 2007 తర్వాతి కాలం ఈ వాదనలో ఒక తొర్ర చూపించింది. ఖర్చు సర్కారు పెట్టుకున్న చోట కూడా రోగి మాట వినపడలేదు. అంటే డబ్బు ఒక్కటే అడ్డు కాదు. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలోనూ, 2024లో గద్వాలలోనూ సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. రాయచూరుకో కర్నూలుకో పోకుండా ఇక్కడే వెంటిలేటర్ దొరికే రోజులు దగ్గరపడ్డాయంటే, తేల్చవలసిన ప్రశ్నలు కూడా ఇక్కడికే వస్తాయి. మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండే మెడికల్ ఆఫీసరు గెజిటెడ్ అధికారే. 2023 తీర్పు అడిగిన సంతకం అతని చేతిలో ఉంది. రైతుబీమా వయసు 59తో ఆగిపోతే, పింఛనుకు వేలిముద్ర వేసే వయసు దాదాపు అక్కడే మొదలవుతుంది, ఆ వేలిముద్ర దగ్గరే ఇంకో పేరు అడగవచ్చు. అలా అడిగినా పేరు చెప్పలేనివాళ్లు కొందరు మిగులుతారు. పిల్లలు పోయినవాళ్లు, వలస వెళ్లి తిరిగిరాని కొడుకులున్నవాళ్లు, పెళ్లిళ్లు కాక ఒంటరిగా మిగిలిపోయినవాళ్లు ఉంటారు. మానసిక ఆరోగ్య చట్టం ఇలాంటివాళ్లకు ఆఖరున సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరును ప్రతినిధిగా పెట్టింది. గద్వాల దవాఖానలో ఎవరూ లేని ముసలివాడి మంచం దగ్గరకు ఆ శాఖ నుంచి ఎవరు రావాలో, ఎన్ని గంటల్లో రావాలో ఇంకా రాయవలసే ఉంది.